శాన్ తిబుర్సియోలో ఎర్ర చుక్కలు

శాన్ తిబుర్సియో అనే ఊరిని నేను చూడలేదు, చూడబోను. అయినా దాని సందులు మా తార్నాక గల్లీకన్నా నాకు బాగా తెలుసు. మధ్య అమెరికాలో, హోండురాస్ దేశపు అంచున, మన లెక్కలో పది పదిహేను ఊళ్ల ఫిర్కా అంత మున్సిపాలిటీ అది. పైన కొండలు, కింద మొక్కజొన్న చేలు, దక్షిణాన ఒక ఏరు. ఏరు దాటితే సాల్వడార్ దేశం. వెండి గని కోసం స్పెయిన్ వాళ్లు కట్టిన ఊరు. వెండి అయిపోయాక సగం ఇళ్లు పాడుబడ్డాయి. ఆ పాడు నేలలోకి సాల్వడార్ పేదలు ఏరు దాటి వచ్చి, పొదలు కొట్టి, సాగు చేసుకున్నారు.

ఇదంతా మా రీసెర్చి కుర్రవాడు లక్ష్మీనర్సయ్య పీహెచ్‌డీ. అమెరికా వెళ్లొచ్చిన ప్రొఫెసరొకాయన పెట్టెడు సర్వే కాగితాలు తెచ్చి, పెళ్లిలో తాంబూలాలు పంచినట్టు శిష్యులకు తలో ఊరూ పంచాడు. ఇతను జనగామ రైతుబిడ్డ, ఇతనికి ఈ ఊరు పడింది. నాలుగేళ్లుగా మోస్తున్నాడు పాపం. నేను ఆ యూనివర్సిటీ భూగోళ శాఖలోనే పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని, జ్ఞానప్రకాశాన్ని. అతని పటాలన్నీ నావే.

అన్నిటికన్నా పెద్ద పటంలో ఇంటింటికీ చుక్క పెట్టాను. అక్కడే పుట్టినవాళ్లకు పచ్చ చుక్క, ఏరు దాటి వచ్చినవాళ్లకు ఎర్ర చుక్క. ఎర్రవి రెండు వందల పన్నెండు. ఒక్కో ఎర్ర చుక్కా పెట్టేముందు తలుపు వైపు చూసేవాణ్ని. నేనూ ఎర్ర చుక్కనే మరి.

మాది మధిర అని అందరికీ చెప్పాను. నిజానికి మధిరకు ఆవల ఏడు మైళ్లు, తెలంగాణ హద్దు దాటాక, ఆంధ్రలోని కృష్ణా జిల్లా. తెలంగాణలో పదిహేనేళ్లు ఉన్నవాళ్లకే ఇచ్చే ముల్కీ సర్టిఫికెట్‌ను మేనమామ ఇంటి చిరునామాతో పుట్టించి ఈ ఉద్యోగంలో చేరాను. ఇక్కడి మాట నేర్చుకున్నాను. నా భార్య ఎస్తేరుకు అది పట్టుబడలేదు. నోరు విప్పితే యాస పట్టిస్తుందని కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించి కొంటుంది.

అరవై తొమ్మిది వచ్చింది. దొంగ ముల్కీలను పంపేయాలంటూ లేచిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో క్లాసులు మూతపడ్డాయి, మాకు మాత్రం రిజిస్టరులో సంతకం తప్పలేదు. ఉద్యమంలో దిగిన పిల్లల కోపం అబద్ధమని నేను అనను. నా కుర్చీ ఎవడో తెలంగాణ కుర్రవాడిది. ఆ సంగతి నాకు తెలుసు కనుకే నిద్ర పట్టేది కాదు.

జూలైలో ఒక పొద్దున లక్ష్మీనర్సయ్య పేపరు పట్టుకుని పరుగున వచ్చాడు.

"ప్రకాశమన్నా, చూసినవా? హోండురాస్ల సాల్వడారోళ్లను ఎల్లగొడుతున్రట. రెండు దేశాలకు లడాయి అయితున్నది!"

"మన రెండు వందల పన్నెండు ఇండ్లు ఏమయినయో తమ్మీ," అన్నాను.

అతను పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ తార్నాక గల్లీ మ్యాప్ గూడ గిట్లనే గీయాలె అన్నా. దొంగ సర్టిఫికెట్లోళ్ల ఇండ్లకు ఎర్ర చుక్క. సర్కారు ఏసిన విచారణ కమిటీకి ఇస్తం. మా తమ్ముడు రెండేండ్ల సంది ఖాళీగున్నడు, నీకెర్కే గద."

"నాకెట్ల తెలుస్తది, ఎవరేందో?"

"మధిరోనివి, చర్చికి పోతవ్. గాడ అందరు కోస్తావోళ్లే. నీకంటె ఎక్కువ ఎవ్వనికెర్క?"

కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. గీయనంటే ఎందుకు గీయవంటారు. గీస్తే పక్కింటి టీచరు శాంతమ్మ గారి నుంచి మొదలుపెట్టాలి, ఆవిడదీ దొంగ సర్టిఫికెట్టే.

ఎస్తేరుకు చెప్పాను. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"శాంతమ్మ గారికి పెడతారా? మన పిల్లకి అమ్మవారు పోసినప్పుడు గుమ్మం తొక్కింది ఆవిడొక్కతే కదండీ."

"గీయకపోతే మనం దొరికిపోతాం."

"అయితే ముందు మనింటికి పెట్టండి. ఈ మూగనోము ఇంక నావల్ల కాదు. పోతే పోదాం."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. నా చుక్క పెట్టి మిగతావి పెడితే అది నిజమవుతుంది, నాది దాచి పెడితే ద్రోహమవుతుంది అనుకున్నాను. మూడు రోజులు గీశాను. మా ఇంటికే మొదటి చుక్క పెట్టాను. మొత్తం పదిహేడు.

లక్ష్మీనర్సయ్య కిటికీ వెలుగులో పటం పరిచి, ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు. మా ఇంటి దగ్గర ఆగాడు. చెప్పాల్సిన మాట నా నాలుక మీదే ఉంది. నాది మధిర కాదు తమ్మీ. అంతే.

అతను పకపకా నవ్వాడు.

"ఓ అన్నా! సొంత ఇంటికే చుక్క పెట్టుకున్నవేంది? మూడు దినాల సంది గీసి గీసి కండ్లు మసకలు కమ్మినట్టున్నయ్. రేపు కమిటీల ఎవ్వడన్న చూస్తే నీ నౌకరీ పోతుండె."

నా బల్ల మీది బ్లేడు తీసి, చుక్కను నెమ్మదిగా గీకాడు, కాగితం చిరగకుండా. ఆ పని అతనికి నేర్పింది నేనే. గీకిన సిరా పొడిని నోటితో ఊదాడు. అంత జాగ్రత్త నా తోబుట్టువు కూడా నా మీద చూపలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లోపల ఎక్కడో ఊపిరి ఆడింది. అది ఇంకా పెద్ద సిగ్గు.

"చెయ్యి జారింది తమ్మీ," అన్నాను.

అతను పటాన్ని చుట్టి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"కమిటీకి పదహారని చెప్పాల్నా అన్నా? ఇంకెవ్వరు లేరు గద?"

"లేరు," అన్నాను. "పదహారే."