కింది పెదవి మీద దారం

శని, ఆదివారాలు సముద్రం పక్కన గడిపి రావాలన్నది కొడుకు ఆలోచన. దాని వెనక ఇంకో ఆలోచన ఉందని టైలరమ్మకు బస్సెక్కక ముందే తెలుసు. ముప్ఫై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ కొలతలు తీసిన మనిషికి కన్నకొడుకు ఎత్తులు తెలియవా? పెళ్ళయి ఆరేళ్ళయినా పెళ్ళాన్నే ఎక్కడికీ తీసుకెళ్ళనివాడు, ఉన్నట్టుండి అమ్మకు గాలిమార్పు కావాలంటూ సముద్రానికి ఎదురుగా గది తీసుకున్నాడంటే, ఏదో చేదుమందు మింగించబోతున్నాడన్నమాటే.

ఆ మందేమిటో కూడా ఆమెకు తెలుసు. కుట్టుకొట్టు మూసెయ్యాలి. మూడు నెలల కిందట మిషను సూది ఆమె చూపుడువేల్లో దిగింది. దిగినా ఆమె కుట్టడం ఆపలేదు. ధైర్యమేం కాదు, తెలియలేదంతే. కాలరు మీద ఎర్రగా కనబడ్డాక చూసుకుంది. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే కోడలు కట్టు కడుతూ, "నొప్పి లేదా అత్తయ్యా?" అని అడిగింది. "లేదమ్మా" అంది ఈమె, ఏదో ఘనకార్యం చేసినట్టు. అక్కడే దొరికిపోయింది. డాక్టరు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు గుచ్చి చూసి, మణికట్టు దగ్గర నరం నలిగిందన్నాడు. ఆపరేషన్ చేసినా స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేనన్నాడు. ఆ రోజు నుంచి కొడుకు చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. ముప్ఫై రెండేళ్ళలో వేల్లో సూది దిగడం అది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఎవరూ కొట్టు మూసెయ్యమనలేదు, ఎందుకంటే అప్పుడు ఆమె కెవ్వుమంది.

శనివారం పొద్దున్నే ముగ్గురూ చిన్న పడవలో బయల్దేరారు. గాలాలతో చేపలు పట్టించి, రెండు గంటల్లో తిరిగి ఒడ్డుకు చేర్చే పడవ అది. పడవ నడిపేవాడు నలభై ఏళ్ళ మనిషి, మాట పొదుపు. ఒడ్డు మీది గదుల కిటికీలు ఇంకా కనబడుతుండగానే మోటారు ఆపి లంగరు వేశాడు. కొడుకు తల్లికి లైఫ్ జాకెట్ తొడిగి, నెత్తిన టోపీ పెట్టి, ముఖానికి క్రీము రాసి, బొమ్మలకొలువులో బొమ్మలా కూర్చోబెట్టాడు.

"నువ్వు ఊరికే కూర్చో అమ్మా, చాలు."

"ఊరికే కూర్చోడానికి గదిలో కుర్చీ ఉందిగా. నాకూ ఒక గాలం ఇవ్వమను."

పడవతను చెక్క ముక్కకు చుట్టిన నైలాన్ దారం ఇచ్చాడు. చివర సీసం గుండు, దాని కింద గాలం. రొయ్య ముక్కను గాలానికి ఎలా గుచ్చాలో చూపించాడు. ఆమె ఒక్కసారి గుచ్చి ఊరుకోలేదు. బట్టకు కచ్చాకుట్టు వేసినట్టు ముక్కను మూడుసార్లు మడిచి, గాలం మొనను పైకీ కిందకీ పోనిచ్చి బిగించింది. పడవతనికి నవ్వొచ్చింది.

"ఎర గుచ్చుతున్నారా అమ్మా, కుడుతున్నారా?"

"ఊడిపోకూడదు కదా నాయనా."

"దారాన్ని చూపుడువేలి మీద ఆనించి పెట్టుకోండి. చేప కొరికితే వేలికి టక్కున తెలుస్తుంది. అప్పుడు లాగాలి."

ఒంట్లో ఇన్ని అవయవాలుండగా ఈ మహానుభావుడికి ఆ వేలే కావాలా అనుకుంది టైలరమ్మ. పైకి మాత్రం బుద్ధిగా తలూపి, దారం వేలి మీద వేసుకుంది.

పావుగంటలో కొడుకు రెండు చేపలు లాగాడు. కోడలు ఒకటి లాగింది. పడవతను టైలరమ్మ గాలం పైకి తీసి చూశాడు. గాలం బోసిగా మెరుస్తోంది. మళ్ళీ ఎర కుట్టింది. మళ్ళీ బోసిగా వచ్చింది.

"ఇంత గట్టిగా కుట్టినా తినేశాయంటే, చాలాసేపు కొరికి ఉంటాయమ్మా. మీకు అసలు తెలియలేదా?" అన్నాడు పడవతను. పాపం, అతనికేం తెలుసు.

కొడుకు తన దారం పక్కన పెట్టాడు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాడు కాబోలు, చావుకబురు చల్లగా చెప్పాడు.

"చూశావా అమ్మా. నేను చెప్తే కోపం వస్తుంది నీకు. సోమవారం ఖాళీ చేస్తామని కొట్టు ఓనరుకు చెప్పేశాను."

"ఎవరు చేస్తారు ఖాళీ?"

"నేనే వచ్చి సర్దుతాను. నువ్వేం కష్టపడక్కర్లేదు."

"కొట్టు నీదా?"

"నీ మంచికే కదమ్మా చెప్పేది."

"నా మంచి నన్నడగాలని తోచలేదా నీకు?"

కోడలు చటుక్కున భర్త వైపు తిరిగింది. ఈ సంగతి ఆమెకూ ఇప్పుడే తెలిసిందని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మూడోసారి ఎర కుట్టింది. గాలం నీళ్ళలోకి వదిలింది. ఈసారి దారాన్ని వేలి మీద పెట్టలేదు. రెండు చేతుల మధ్య వదులుగా పట్టుకుని, ముఖం వంచి, కింది పెదవికి ఆనించుకుంది.

"అమ్మా, పెదవి కోసుకుపోతుంది" అన్నాడు పడవతను.

"లాగేది చేత్తోనే. పెదవి ఊరికే కాపలా."

కొడుకు ఏదో అనబోయాడు. కోడలు అతని మోచెయ్యి పట్టుకుంది.

ముందు సీసం గుండు అడుగున తగిలి ఒరగడం తెలిసింది. తరువాత అలకు పడవ లేచినప్పుడల్లా దారం బిగిసి వదులవడం తెలిసింది. ఆ తరువాత, చిన్నగా, ఎవరో చీరకొంగు పట్టి లాగినట్టు ఒక్క గుంజు. ఆమె తల వెనక్కి తీసి, దారాన్ని మణికట్టు విసురుతో పైకెత్తి, చెయ్యి మీద చెయ్యి వేస్తూ లాగింది. జానెడున్నర చేప పడవలో పడి ఎగిరెగిరి కొట్టుకుంది. అందరికంటే పెద్దది అదే. పడవతను దాన్ని తొట్టిలో వేసి, ఈసారి ఆమె వైపు కొంచెం మర్యాదగా చూశాడు.

కొడుకు మాత్రం పట్టు వదల్లేదు. "పెదవితో పట్టావమ్మా, వేళ్ళతో కాదు. బట్టలు పెదవితో కుడతావా?"

"ఏడాదిగా అలాగే కుడుతున్నాను."

"ఏడాదా?"

"మూడు నెలలనుకున్నావా? నువ్వు చూసింది మూడు నెలల కిందట, అంతే. దారం బిగువు పెదవి మీద చూసుకుంటాను. మడత సరిగ్గా పడిందో లేదో చెంపకు ఆనించుకుంటాను. చిటికెనవేలికి ఇంకా ప్రాణముంది, అంచులు దానితో తడుముతాను."

"ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదేం?"

"చెప్తే ఇదిగో, ఇలా పడవెక్కిస్తారని." ఆమె కొడుకు ఛాతీ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఆ చొక్కా నేనెప్పుడు కుట్టాను?"

"పోయిన నెల."

"విప్పు."

"ఇక్కడా?"

"చేపలు చూసి నవ్వవులే. విప్పు. ఒక్క కుట్టు తప్పిందని చూపించు, కొట్టు తాళాలు ఈ నిమిషమే నీ చేతిలో పెడతాను."

నిజంగానే నడుముకు దోపుకున్న తాళాలగుత్తి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కొడుకు బనియనుతో మిగిలాడు. భార్యాభర్తలిద్దరూ చొక్కాను తిరగేసి, ఎండకు పట్టి, చంకలు, కాలరు, జేబు, గుండీల కాజాలు ఒక్కొక్కటే చూశారు. అంత మాట అనేసింది గానీ, రాత్రి కళ్ళు మూసుకుంటే తన కుట్లన్నీ వంకరగా కనబడే మనిషి టైలరమ్మ. తాళాలు పోతే తను ఏ పేరుతో బతకాలో ఆమెకు తెలియదు. అమ్మా, అత్తయ్యా అని పిలిచేవాళ్ళున్నారు. కానీ వీధిలో అందరికీ ఆమె టైలరమ్మే.

"ఇక్కడేదో ఉంది" అంది కోడలు. ల్యాబులో అద్దాల కింద రక్తం చూసే కళ్ళు అవి. ఎడమ పక్క కుట్టు దగ్గర గోటితో చూపించింది. "సన్నటి చిల్లులు. ఇక్కడ విప్పి మళ్ళీ కుట్టినట్టున్నారు అత్తయ్యా."

"అదే కదా తప్పంటే" అన్నాడు కొడుకు.

"రెండుసార్లు విప్పాను అక్కడ" అంది టైలరమ్మ. "మొదటిసారి వంకర పోయింది. రెండోసారి కూడా. నువ్వు చూసి చెప్పావా? నాకే తెలిసింది. విప్పాను, కుట్టాను. వేళ్ళు బాగున్న రోజుల్లోనూ విప్పేదాన్నిరా, నీ స్కూలు నిక్కర్లు అడుగు. వంకర పోయిందని నాకు తెలియని రోజు వస్తుంది, వస్తే రానీ. ఆ రోజు నీ చేత చెప్పించుకోను, నేనే షట్టరు దించుతాను. నువ్వు దించితే మాత్రం ఊరుకోను."

కొడుకు చొక్కా వంక చూశాడు. ఆ కుట్టును బొటనవేలితో రాశాడు. ఎంత రాసినా వేలికి ఏ వంకరా తగల్లేదు.

"ఓనరుకు ఫోన్ చెయ్యండి" అంది కోడలు మెల్లగా. "అడగకుండా చెప్పింది మీరే కదా."

టైలరమ్మ తాళాలు మళ్ళీ నడుముకు దోపుకుంది. కొడుకు బనియనుతోనే నిలబడి, పడవ ఊగుతుంటే ఒక చేత్తో అంచు పట్టుకుని ఫోన్ చేశాడు. సోమవారం ఖాళీ చెయ్యడం లేదన్నాడు. అవతలివాళ్ళు ఏదో అడిగారు. ఫోన్ చేత్తో మూసి తల్లి వైపు తిరిగాడు.

"ఇంకా ఎన్నాళ్ళు నడుపుతారని అడుగుతున్నారమ్మా."

ఆమె అప్పటికే నాలుగో ఎర కుడుతోంది. తలెత్తలేదు.

"నేను మూసినరోజు మూసినట్టు. అంతవరకు తెరిచినట్టే. ఇదే మాట చెప్పు, నీ మర్యాదలేం కలపకు."

కొడుకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తియ్యకుండా, అలాగే చెప్పాడు.