పద్నాలుగో నంబరు నడుము

ఎక్స్‌రే గది పక్కన బిల్లుల బల్ల దగ్గర తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న అచ్యుతరామారావుని ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపింది లేదు. బి.ఏ. చదివినవాడు, ముత్యాల్లాంటి దస్తూరి, మెత్తని మాట. భార్య పోయి నాలుగేళ్లయినా చొక్కా నలగకుండా వస్తాడని నర్సులు చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున ఒక మిల్లుకూలీ ముందు తలెత్తలేకపోయాడు.

ఆమె పేరు దానమ్మ. కంకిపాడు దగ్గర రైసుమిల్లులో పని. తవుడు గది మెట్ల మీద బస్తాతో సహా జారిపడితే, రెండు నెలల కిందట మిల్లు లారీలోనే విజయవాడ తెచ్చి ఈ ఆస్పత్రిలో చేర్చారు. ఇప్పుడు చేతికర్ర ఊతంగా వచ్చింది. బెంచీ చూపించినా కూర్చోలేదు. చెమటకి మెత్తబడ్డ కాగితాలు కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"గుమస్తాగారూ, ఇయ్యి తిరగ్గొట్టారండి. నేను అబద్ధమాడానంట."

బీమా ఆఫీసు ఉత్తరం అది. రామారావు చదివాడు. డాక్టరు సర్టిఫికెట్లో కటి ఎముక చిట్లిందని ఉంది. ఆస్పత్రి బిల్లులో మాత్రం పద్నాలుగో నంబరు, నడుము వెన్నెముక ఫోటో అని ఉంది. కటి ఎముకకి ఫోటోయే తియ్యనప్పుడు అది చిట్లినట్టు ఎలా తెలిసింది? ఈమెకి పాత నడుంనొప్పి ఉందని మిల్లు మేనేజరు చెబుతున్నాడు. కనుక పనిలో తగిలిన దెబ్బగా ఒప్పుకోవడానికి వీల్లేదు.

"పరిహారం రాకపోతే పోయిందనుకుంటానండి," అంది దానమ్మ. "మా మేస్త్రి నలుగురిలో, 'ఏం దానమ్మా, నడుంనొప్పికి నాటకం బానే కట్టావే' అన్నాడు. పన్లోకి రావద్దన్నారు. మా శౌరమ్మొదిన కూడా, 'నిజం చెప్పవే, నిజంగా పడ్డావా?' అంటంది. ఇరవయ్యేళ్లు మోశానండి ఆ మిల్లు బస్తాలు. నా మాటకి ఇలవ లేకపోతే ఇంక నాకేముందండి?"

రామారావు కాగితం మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. ఆ బిల్లులో పద్నాలుగు అంకె తన చేత్తో వేసిందే.

కంపెనీల బిల్లులు తొందరగా తెమలాలని, ఫోటో తీసే ఒక్కో భాగానికీ ఒక్కో నంబరు పెట్టారు పెద్ద డాక్టరుగారు. తలతో మొదలై కిందికి దిగుతూ పద్నాలుగు నడుము వెన్నెముక, పదిహేడు పెల్విస్, సర్టిఫికెట్లో రాసిన కటి ఎముక. అంటే తొడలు రెండూ వచ్చి కలిసే గిన్నెలాంటి ఎముకల గూడు. రెంటికీ రేటొకటే. అదే అతని కొంప ముంచింది. రేట్లు వేరయి ఉంటే మొదటి నెలలోనే ఎవరో ఒకరు పట్టుకుని చీవాట్లు పెట్టేవారు.

చేరిన కొత్తలో పామర్రు నుంచి వచ్చిన ఒకావిడ బిల్లు తిప్పి చూసి, "పదిహేడంటే ఎక్కడ బాబూ?" అని గట్టిగా అడిగింది. వరండా నిండా మగవాళ్లు. కటి అంటే ఆమెకి తెలియదు. ఆమెకి తెలిసే మాట అతని నోటికి రాదు. చెవులు ఎర్రబడ్డాయి. "నడుమమ్మా, నడుం ఫోటో," అని గబుక్కున అనేసి, అన్నదానికి సరిపోయేలా పదిహేడు కొట్టేసి పద్నాలుగు వేశాడు. ఆనాటి నుంచీ అదే అలవాటయింది. మగవాళ్లకి పదిహేడు, ఆడవాళ్లకి పద్నాలుగు. వాళ్లూ నొప్పెక్కడమ్మా అంటే నడుమనే చెప్పేవారు. పొట్ట కింది నుంచి తొడల దాకా వాళ్లకి అంతా నడుమే. అది మర్యాద అనుకున్నాడు. లోపల్లోపల తన సున్నితానికి కాస్త మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

రిజిస్టరు తీసి వేలితో వరసలు వెతుకుతుంటే, ఫోటోలు తీసే బాలశౌరి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు. రెండు పేజీలు తిరిగేసరికి అతనికి సంగతి అర్థమైంది.

"ఓర్నాయనో! పదిహేడులో ఒక్క ఆడమనిషి పేరు లేదేంటండీ? అంటే తొమ్మిదేళ్లుగా మన ఆస్పత్రికొచ్చిన ఆడాళ్లకి తుంటెముకలే లేవన్నమాట! మరి నెలకి రెండో మూడో తీస్తన్నానే, అయ్యెవరియండీ, దెయ్యాలియ్యా?"

విరగబడి నవ్వాడు. దానమ్మ కర్ర మీద బరువు ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకోవడం కంటబడి నవ్వు ఆపేశాడు. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టాడు. ఈసారి ఆమె కూర్చుంది.

డాక్టరుగారైతే సంగతి విని, "దానికింత ఆలోచన ఎందుకయ్యా? పదిహేడు వేసి కొత్త బిల్లు రాసెయ్. నేను సంతకం పెడతాను," అన్నారు.

ఆ మాట రామారావుకి ఎండలో చన్నీళ్లలా తగిలింది. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కరలేదు. కలం తీశాడు కూడా. కానీ పాత బిల్లు బీమా ఆఫీసు ఫైల్లో ఉంది. రెండు నెలల తర్వాత కొత్తది చూస్తే ఏమంటారు? దానమ్మే డబ్బిచ్చి మార్పించిందంటారు. అప్పుడిక ఆమె మాటని దేవుడు కూడా నిలబెట్టలేడు. కలం మూసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, దానమ్మని కూడా రమ్మని రిక్షా పిలిచాడు.

బీమా ఆఫీసు వన్ టౌన్‌లో ఒక ఇత్తడి సామాన్ల కొట్టు మేడ మీద. మెట్లు ఇరుకు. "మీరు కిందే ఉండండమ్మా," అన్నాడు. "నన్ను అబద్ధాలకోరన్నోళ్లని చూడద్దాండీ?" అంటూ దానమ్మ ఒక్కో మెట్టూ ఎక్కింది.

ఆఫీసరు తిరుపతిరావు రిజిస్టరు ఓపిగ్గానే చూశాడు. కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఆడవాళ్లందరికీ పద్నాలుగే. ఎందుకండీ?"

"సిగ్గేసిందండి."

"ఎవరికి?"

"నాకేనండి."

పక్క బల్ల దగ్గరెవరో కిసుక్కుమన్నారు. టైపు మిషను ఆగిపోయింది. రామారావు చూపు నేల మీద సిరామరక దగ్గర ఆగింది.

"మీకు సిగ్గేస్తే ఆవిడ ఎముక మార్చేస్తారా? బాగుందండీ! సరే, ఫైల్లో తెలుగులో కూడా రాయాలి. ఏ ఎముకో చెప్పండి."

"కటి... అంటే... అదేనండీ... నడుముకి కింద..."

తొమ్మిదేళ్ల కిందటి వరండా మళ్లీ కళ్ల ముందు నిలిచింది. అప్పుడు దానమ్మ కర్ర నేల మీద టక్కున ఆనించింది.

"బిడ్డ దిగే ఎముకండీ," అంది. "ఐదుగుర్ని కన్నాను, నాకు తెలవదా? తమరూ, నేనూ, ఈ గుమస్తాగారూ, ఆ నవ్వే బాబూ, అందరం అందులోంచి వచ్చినోళ్లమే. దానికి సిగ్గేంటండీ?"

ఎవరూ నవ్వలేదు. తిరుపతిరావు గొంతు సవరించుకుని ఒక తెల్లకాగితం రామారావు ముందుకి జరిపాడు. గొంతు తగ్గించి, "పొరపాటున వేశానని రాయండి. సిగ్గు గిగ్గు అని ఆఫీసు కాగితాల్లో ఎందుకు?" అన్నాడు.

అది దయే. రామారావుకి తెలుసు.

"పొరపాటు ఒకసారి జరుగుతుందండి," అని, సిగ్గుపడి వేశాననే రాశాడు. బిడ్డ దిగే ఎముక అని కూడా రాశాడు. రాస్తుంటే ముత్యాల్లాంటి అక్షరాలు వంకర్లు పోయాయి.

తిరుపతిరావు చదివి, ముద్ర వేసి, ఫైలు కట్టకుండా పక్కన పెట్టాడు. "కేసు మళ్లీ తెరుస్తామమ్మా. నీ తప్పేం లేదు."

"ఆ ముక్క మిల్లుకి రాయండి బాబూ. మేస్త్రికి చదివి ఇనిపించాలి."

"ఇవాళే రాస్తాను."

మెట్ల దగ్గరికి వచ్చేసరికి దానమ్మ ఆగింది. ఎక్కడం కంటే దిగడం కష్టం. ఊపిరి తీసుకుంటూ, "మీ పుస్తకంలో నాలాగా ఇంకా ఎంతమందున్నారు బాబూ?" అని అడిగింది.

"రెండొందలు దాటతారమ్మా."

"వాళ్లలో ఎందరి కాగితాలు తిరగ్గొట్టారో?"

అతనికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచనే ఆ క్షణం దాకా రాలేదు. "తెలియదమ్మా," అన్నాడు.

"తెలుసుకోండి మరి," అంది దానమ్మ. "ముందు నన్ను దించండి."

కర్ర ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి అతని భుజం మీద వేసి బరువంతా ఆనించింది. ఇస్త్రీ చొక్కా నలిగింది. అతను ఆమె కంటే ఒక మెట్టు ముందు నిలబడి, ఆమె "ఊఁ" అన్నప్పుడల్లా ఒక్కో మెట్టూ దిగాడు.