మా ఆవిడ ఉంది కదా

స్నానాల గది తుడుస్తూ జారిపడ్డాను. నా కేక విని మావారు పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, "పొయ్యి మీద పాలున్నట్టున్నాయి, కట్టేశావా?" అన్నారు. కట్టెయ్యలేదు. ముందు ఆ సంగతి చెప్పి, ఆ తర్వాతే నా నొప్పి సంగతి చెప్పాను. నా బుద్ధి అలాంటిది మరి.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కరోనా రోజులు కాబట్టి వార్డులోకి ఇంటివాళ్ళెవర్నీ రానివ్వడం లేదు. కూతురున్న ఊరి నుంచి బస్సులే లేవు. ఒంటరిగా పడున్నానని నర్సమ్మాయి నన్ను చూసి తెగ జాలిపడింది. పిచ్చిపిల్ల! ఎవరో తెచ్చి చేతికిచ్చిన టీ వేడివేడిగా తాగడం నాకెంత కొత్తో ఆ పిల్లకేం తెలుసు?

భయం మాత్రం ఉంది. రోజూ లేపి నిలబెట్టి, వాకర్ పట్టించి నడిపించకపోతే ఈ వయసులో ఇక మంచమే గతి అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మంచం పట్టడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? మా అత్తగారికి ఇలాగే తుంటి విరిగితే పక్క మీద అటూ ఇటూ తిప్పడం, కింద శుభ్రం చెయ్యడం, ఆవిడ విసుక్కుంటే మాటలు పడటం, అన్నీ నావే. మావారు తలుపు దగ్గర నిలబడి, "నీకైతే అలవాటైపోయింది, నాకు చేతకాదు బాబూ" అనేవారు. అదేదో మెచ్చుకోలనుకుని నా నడుం నొప్పి నేనే దిగమింగుకునేదాన్ని.

మంచాలు చాలక, ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నవాళ్ళని తొందరగా పంపేస్తున్నారు. ఎవరూ లేనివాళ్ళని మాత్రం ఊరి చివర ఇంకో ఆసుపత్రికి పంపి, మళ్ళీ నడిచేదాకా అక్కడే ఉంచుకుంటారట. నా సంగతి తేల్చడానికి నర్సమ్మాయి నా మంచం పక్కనే నిలబడి, మావారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"సార్, పేషెంటుని రేపు ఇంటికి పంపుదామనుకుంటున్నాం. పట్టుకుని నడిపించాలి, బాత్రూంకి తీసుకెళ్ళాలి. చూసుకోడానికి ఇంట్లో ఎవరున్నారండీ?"

"మా ఆవిడ ఉంది కదమ్మా!" అన్నారాయన ధీమాగా. "మా అమ్మకి విరిగినప్పుడు కూడా అంతా ఆవిడే చేసింది. ఇవన్నీ ఆవిడకి కొట్టినపిండి."

మాస్కు పైన నర్సమ్మాయి కళ్ళు ఇంతింతయ్యాయి. నాకు నవ్వొచ్చింది. పాపం, కంగారులో ఏదో అనేశారనుకున్నాను.

"సార్... పేషెంటు ఆవిడే కదండీ."

ఇప్పుడైనా నాలిక్కరుచుకుంటారనుకున్నాను. అయ్యో అంటారేమోనని చెవులు రిక్కించాను.

"అవుననుకో. అయినా తను ఊరికే పడుకునే రకం కాదులేమ్మా, మెల్లగా లేచి తన పనీ చేసుకుంటుంది, నా పనీ చూస్తుంది. తొందరగా పంపెయ్యండి, ఇక్కడ ఇల్లంతా చిందరవందరగా ఉంది."

నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కోపం చూశాను, చిరాకు చూశాను. వాటన్నిటి అడుగున నామీద కాస్తో కూస్తో బెంగ ఉండే ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అడుగున నా చాకిరీ తప్ప ఇంకేం లేదు. ఏడుపు కూడా రాలేదు.

నర్సమ్మాయి ఫోన్ పెట్టేసి, నా మొహంలోకి చూడలేక నసిగింది. "మరి... డాక్టరుగారికి ఏమని చెప్పనమ్మా?"

"ఇంట్లో ఎవరూ లేరని చెప్పు తల్లీ" అన్నాను. "ఇన్నాళ్ళూ ఉన్నారనే అనుకున్నాను."