ఉందనుకోండి

హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మకి పిల్లలు పెట్టుకున్న పేరు 'అనుకోండి'. ఆవిడ క్లాసులోకి వచ్చి హాజరు పిలిచాక, ఖాళీ బల్ల మీద చెయ్యి ఆనించి "ఇక్కడ ఒక బీకరు ఉందనుకోండి" అనేది. అనగానే బల్ల మీద బీకరు ఉండేది. "కింద స్పిరిట్ దీపం వెలుగుతోందనుకోండి" అంటే ముందు బెంచీ వాళ్ళ మొహాలకి సెగ తగిలేది. ఆవిడ వాటి గురించి చెబుతున్నంతసేపూ అవి ఉండేవి, మాట మారిస్తే పోయేవి. ఒకసారి యాసిడ్ చింది ఓ పిల్ల గౌనుకి చిల్లు పడింది. పాఠం అయ్యాక యాసిడ్ పోయింది గానీ చిల్లు పోలేదు. ఆ పిల్ల తల్లి స్కూలుకొచ్చి, "ఆ అనుకునేదేదో కాస్త దూరంగా అనుకోకూడదూ!" అని అందర్నీ దులిపి పారేసింది.

అప్పట్నుంచి హెడ్మాస్టరు కొత్త పద్ధతి పెట్టాడు. పిల్లలెవరూ దేన్నీ ముట్టుకోకూడదు. చేతులు కట్టుకుని చూడాలి, చూసింది బొమ్మ వేసి భాగాలు గుర్తించాలి. నిజం ల్యాబు ఇప్పించమని టీచరమ్మ అడిగినప్పుడల్లా ఆయన నవ్వేసేవాడు.

"మీరుండగా ల్యాబెందుకమ్మా? మీ నోరే మాకు ల్యాబు!"

పైనుంచి వచ్చిన ఆఫీసర్లు కూడా అదే పాట పాడి, ల్యాబు గదిలో విరిగిన కుర్చీలు పడేయించారు. టీచరమ్మకి ఒళ్ళు మండేది. మండి ఏం లాభం, పిల్లలు పాసవుతున్నారు కదా అని సరిపెట్టుకునేది.

ఆవిడ చెల్లెలు రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేది. తండ్రి పోయి, ఇంట్లో ఒక్కరికే చదువు అన్న రోజు వచ్చినప్పుడు, "పుస్తకం చూస్తేనే నాకు తలనొప్పి, నువ్వు చదువుకోవే అక్కా" అని బడి మానేసింది. అక్క పట్నంలో, నిజం ల్యాబులో, నిజం సిలిండర్ మర తన చేత్తో తిప్పి, బుస్సుమన్న చప్పుడికి ఉలిక్కిపడి నవ్వుకుంటున్న రోజుల్లో చెల్లెలు ఇక్కడ రాతిపొడి పీలుస్తోంది. పీల్చిన పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది.

ఒక ఉదయం చెల్లెలి పెదాలు నీలం తిరిగాయి. టీచరమ్మ ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తింది. అక్కడ ప్రతి మంచం దగ్గరా గోడకి ఆక్సిజన్ పైపు తళతళలాడుతోంది. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, పైపులోకి ఆక్సిజన్ పంపే ఏర్పాటు మాత్రం ఎవరూ చెయ్యలేదు.

"సిలిండర్ల లారీ బయల్దేరిందమ్మా, దారిలో ఉంది" అన్నాడు పెద్ద డాక్టరు, ఆవిడ మొహంలోకి చూడకుండా.

వార్డులో కొత్తగా చేరిన నర్సు టీచరమ్మ దగ్గర చదివిన పిల్లే. "లారీ వచ్చేదాకా మీరే అనండి టీచర్" అంది మాస్కు అందిస్తూ.

టీచరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇక్కడ ఒక ఆక్సిజన్ సిలిండర్ ఉందనుకోండి."

మంచం పక్కన నల్లటి సిలిండర్ నిలబడింది. నర్సు రెండడుగులు వెనక్కి వేసి, అలవాటుగా చేతులు కట్టుకుంది.

"గొట్టం మీరే తగిలించండి టీచర్. మాకు నర్సింగు స్కూల్లో కూడా బొమ్మలోనే చూపించారు."

టీచరమ్మే తగిలించింది, టీచరమ్మే మర తిప్పింది. నోరు మాత్రం ఆపలేదు. ఆక్సిజన్‌కి రంగు లేదు, వాసన లేదు, తను మండదు, మండేవాటికి సాయం చేస్తుంది. మెల్లగా చెల్లెలి పెదాలకి రంగు తిరిగింది. మాస్కు కిందనుంచి నవ్వింది.

"ఈ పాఠం తప్పించుకోడానికే కదే... నేను బడి మానేసింది!"

టీచరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆయాసంగా ఉందా తల్లీ?" అని అడగబోయింది. మొదటి మాటకే సిలిండర్ పల్చబడి అవతలి గోడ కనిపించింది. వెంటనే మళ్ళీ పాఠంలో పడింది. చెల్లెలితో చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. అవేవీ చెప్పడానికి లేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని, గాలిలో ఏ వాయువు ఎంతెంత ఉంటుందో చెబుతూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటింది. లారీ ఇంకా దారిలోనే ఉంది. పాఠం మొదటికి వచ్చి, మళ్ళీ మొదటికి వచ్చి, సాయంత్రానికి టీచరమ్మ గొంతు పూర్తిగా పోయింది. సిలిండర్ కూడా పోయింది. ఆవిడ నర్సు వైపు చూసి చేతులు జోడించింది.

నర్సు గాభరాగా ముందుకొచ్చి, క్లాసులో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడ్డట్టే నిటారుగా నిలబడింది. "ఇక్కడ ఒక ఆక్సిజన్ సిలిండర్ ఉందనుకోండి."

సిలిండర్ వచ్చింది. గోడ మీద, తెల్లటి సుద్దగీతలతో వచ్చింది. పక్కన బాణం గుర్తులు, ఒక్కో బాణం చివర ఒక్కో పేరు: మూత, మర, గొట్టం. అసలు గొట్టం మాత్రం మంచం మీంచి ఖాళీగా వేలాడుతోంది.

నర్సు ఆపలేదు. రంగు లేదు, వాసన లేదు, తను మండదు. ఒక్క తప్పు పోకుండా చెబుతోంది. చెప్పేకొద్దీ గోడ మీద గీతలు ఇంకా తెల్లబడుతున్నాయి. ఇప్పుడిక టీచరమ్మ ఏ మాటైనా మాట్లాడొచ్చు. చెల్లెలి చెవి దగ్గర వంగి నోరు తెరిచింది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. చెల్లెలు అక్క చేతిని గట్టిగా పట్టుకుంది, తర్వాత ఆ పట్టు వదులైంది.

నర్సు పాఠం ఆగిపోయింది. "టీచర్, ఏ భాగమైనా మర్చిపోయానా?" అంది ఏడుస్తూ.

టీచరమ్మ గోడ మీద బొమ్మని పైనుంచి కింది దాకా చూసింది. లేదని తలూపింది.