కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీది గిటారు

అమెరికాలోని ఆక్రన్ ఊళ్ళో టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే అంటోన్ కుబిక్‌కి 1960ల చివర్లో ఓ ఏడంతా నోరు మూతపడలేదు. షుగర్ డోర్‌బెల్ బృందం పాట "టాఫీ జేన్" రేడియోలో మోగిపోతోంది, ఆ బృందంలో గిటారు వాయించేది అతని కొడుకు లైల్. బౌలింగ్ ఆటకి వెళ్ళినా, చర్చి మెట్లు దిగుతున్నా ఎవరో ఒకరి భుజం పట్టుకుని ఆపేవాడు.

"విన్నావా? ఆ గిటారు ఎవరనుకున్నావ్? మా లైల్‌గాడు!"

"కాకిపిల్ల కాకికి ముద్దు. పద, చలిగా ఉంది," అని భార్య వెర్నా లాక్కెళ్ళేది.

నిజానికి ఆ గిటారు లైల్‌ది కాదు. చిన్నపిల్లల కోసం చేసే ఆ "బబుల్‌గమ్" పాటల తంతే అంత. న్యూయార్కులో నిర్మాత అద్దె మనుషుల చేత వాయింపించి, పాడించి, రికార్డు అచ్చువేయించి, దాని అట్ట మీద బొమ్మకి మాత్రం ముద్దు మొహాల కుర్రాళ్ళని వెతికి తెచ్చుకునేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది. తమ మొదటి హిట్టుని లైల్ బృందం కారు రేడియోలోనే మొదటిసారి వింది. రోడ్డు పక్కన ఆగి, ఆ పాట మళ్ళీ ఎప్పుడు వేస్తారా అని కాచుక్కూర్చుని, విన్నది విన్నట్టు నేర్చుకున్నారు.

తర్వాత చారల చొక్కాలు తొడుక్కుని ఊరూరా తిరిగారు. గడ్డాల సంగీతకారులు "పాలపళ్ళ పాటలు" అని వెక్కిరిస్తే లైల్ నవ్వేసేవాడు. పిల్లలు కుర్చీలెక్కి గంతులేస్తుంటే అతనికి అంతకంటే ఏం కావాలి? ఆ మోజు తగ్గాక కూడా పుట్టినరోజులకీ, తిరునాళ్ళకీ అవే పాటలు వాయించి హాయిగా బతికినవాడు అతను. ఒక్క తండ్రి దగ్గరే గొంతులో వెలక్కాయ పడినట్టుండేది. నిజం చెబితే ఆయన పరువు ఊరంతా పోతుంది. చెప్పకపోతే ఆ పొగడ్త ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

అలాంటప్పుడు దేవుడిలా వచ్చింది ఒక కార్న్‌ఫ్లేక్స్ కంపెనీ. డబ్బా వెనక అట్టలోనే చిన్న రికార్డు అచ్చువేస్తారు, పిల్లలు కత్తిరించుకుని వినొచ్చు. అద్దె మనుషులకి తీరిక లేక, ఆ డబ్బా పాటని లైల్ బృందం చేతే వాయింపించారు. ఇక తండ్రి చెప్పుకునేది అబద్ధం కాదు, తను నోరు విప్పక్కర్లేదు అని లైల్ పొంగిపోయాడు. డబ్బా చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

వెర్నా అట్టని గుండ్రంగా కత్తిరించి ప్లేయర్ మీద పెట్టింది. అంటోన్ కాఫీ పక్కన పెట్టి చెవొగ్గాడు. మొహం ముడుచుకుంది.

"ఎవడ్రా వీడు?"

"ఎవరు నాన్నా?"

"గిటారోడు. ఏంటా తొందర? పాట కంటే ముందే పరిగెడతన్నాడు. నీ బదులు ఎవడినో పెట్టి నిన్ను మోసం చేశార్రా! ఆ కంపెనీ నంబరు డబ్బా మీద ఉందేమో చూడు, ఇప్పుడే దులిపేస్తా."

అవును నాన్నా అంటే అయిపోయేది. పరువూ దక్కేది. కానీ తన కోసం అంత కోపంగా కళ్ళజోడు వెతుక్కుంటున్న తండ్రిని చూస్తే లైల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కారులోంచి గిటారు తెచ్చి, అట్ట రికార్డుతో పాటు వాయించాడు. అదే తొందర. అదే పరుగు.

పాట అయ్యాక వెర్నా ప్లేయర్ ఆపింది.

"మరి రేడియోలో వాయించేది?" అన్నాడు అంటోన్.

"ఎవరో నాన్నా. పేరు కూడా తెలీదు."

"నేను ఊరంతా చెప్పుకున్నానురా."

"తెలుసు నాన్నా. అందుకే చెప్పలేకపోయాను."

అంటోన్ గడ్డం గీరుకున్నాడు. "వెర్నా, ఇంకోసారి పెట్టు."

ఈసారి కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. లేచి గోడ ఫోను దగ్గరికి వెళ్ళాడు. కంపెనీకేనేమో అని లైల్ కూడా లేచాడు. అంటోన్ బౌలింగ్ స్నేహితుడికి చేశాడు.

"మిలోష్, నేనే. రేడియోలో వినేది మావాడు కాదంట. ఎవడో కిరాయోడు... నవ్వుతావేంట్రా, విను ముందు. బజారెళ్ళి కార్న్‌ఫ్లేక్స్ కొనుక్కో. అట్ట కత్తిరించి వేసుకో. అందరికంటే ముందు పరిగెడతా ఉంటాడు చూడూ, వాడే నా కొడుకు!"