దున్నని ఎకరం

రుషికొండ వైపు ఎవరైనా ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే నేను ఏదో వంక పెట్టి తప్పించుకుంటాను. మోకాళ్ల నొప్పులంటాను, ఎండంటాను. చదివింపులకి భయపడుతున్నానని మా ఆవిడ నన్ను పిసినారి కింద జమకట్టేసింది. అననీ. అసలు సంగతి చెప్పుకోవడం కన్నా పిసినారి అనిపించుకోవడమే నయం.

వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభైలో నేను పశుగ్రాసాల అసిస్టెంటుని. ఉద్యోగం టెంపరరీ. వ్యవసాయ డిగ్రీ చేతిలో ఉందన్న మిడిసిపాటుతో కాళ్లు నేల మీద నిలిచేవి కావు. రుషికొండ వెనక అరవై ఎకరాల కొండవాలు ఉండేది. పక్క ఊరి గొర్రెలూ గేదెలూ మేసే బంజరు. ఏళ్ల తరబడి మేసి మేసి మంచి గడ్డంతా చచ్చిపోయి, మూతికి గుచ్చుకునే ముళ్ల గడ్డీ, బోడి నేలా మిగిలాయి. ముందు ఐదెకరాల్లో కొత్త గడ్డి మొలిపించి చూపించమనీ, బాగుంటే నా ఉద్యోగం ఖాయం చేయిస్తాననీ మా పై ఆఫీసరు చెప్పాడు.

దాలయ్యని ఆ వాలు మీదే మొదటిసారి చూశాను. అరవై దాటిన గొర్రెల కాపరి. ఉక్కు ఫ్యాక్టరీకి సొంత ఊరు పోతే, మందని తోలుకుని పెళ్లాం పుట్టింటి ఊరికి వచ్చేశాడు. ఆ వాలే అతనికి ఆధారం. అతనికే కాదు, ఆ ఊళ్లో ముప్పై ఇళ్లకి. నేను మట్టి తవ్వి సంచీలో వేసుకుంటుంటే పక్కన చతికిలబడి, "ఏటి సేత్తన్నావు బాబూ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆఫీసర్ని పట్టుకుని నువ్వంటాడేమిటి? మా తాత కలెక్టరుతోనైనా అలాగే మాట్లాడేవాడని అప్పుడు గుర్తు రాలేదు.

నేల దున్నించి, అంజన్ గడ్డీ, స్టైలో అనే చిక్కుడు జాతి మేతా వేయిస్తానని చెప్పాను. దున్నొద్దన్నాడు దాలయ్య. ఈ ఎర్రమన్ను పైన గట్టిపడి ఉంది కాబట్టే వాలు నిలబడిందట. తొలకరికి ముందు విత్తనాన్ని పుట్టమన్నులో కలిపి చల్లి, దాని మీద మంద కట్టాలట. ఎరువు కోసం పొలాల్లో గొర్రెల్ని నిలపడం మా వైపు ఎవరికి తెలియదు? ఇక్కడ ఎరువుతో పాటు గిట్టలు కూడా పని చేస్తాయన్నాడు. విత్తనాన్ని నేలలోకి అవే నొక్కుతాయి. ఆ తర్వాత చుట్టూ ముళ్లకంప వేసి మూడు నెలలు ఒక్క జీవం మూతి పెట్టకుండా చూడాలన్నాడు.

నేను నవ్వాను. ఊరుకోకుండా, పదిమంది ముందు, గొర్రెలకి డిగ్రీ ఎవరిచ్చారని అడిగాను. అందరూ నవ్వారు. దాలయ్య కూడా నవ్వాడు.

ట్రాక్టరు జిలానీ బాషాది. వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర ఇల్లు. నెమ్మదస్తుడు. వాలుకి అడ్డంగా దున్నమంటే బండి బోల్తా పడిపోతుందన్నాడు. అయితే నిలువుగా దున్నమన్నాను. పైనుంచి కిందికి సాళ్లు తీస్తే వాననీటికి మనమే దారి వేసినట్టని వ్యవసాయం చదివిన మొదటి ఏడాదే చెబుతారు. నేనూ పరీక్షలో రాశాను. కానీ ట్రాక్టరు నాకు రెండు రోజులకే ఇచ్చారు, ముసలాయన మాటకి వెనక్కి తగ్గానని ఊళ్లో అనుకోవడం నాకిష్టం లేదు. ఐదెకరాలూ దున్నించి విత్తాను. మూడు కిలోల విత్తనం మిగిలితే, నీ గొర్రెలతో వేయించుకోమని దాలయ్య ఒళ్లో పడేశాను. అతను దాన్ని భద్రంగా తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. పక్కనే ఒక ఎకరంలో తను చెప్పినట్టే చల్లి, మంద కట్టి, కంప వేశాడు.

జూన్ నెలాఖరున ఒక మధ్యాహ్నం గంటన్నర వాన కురిసింది. మర్నాడు వెళ్లేసరికి నా ఐదెకరాలూ కింద రోడ్డు మీద ఉన్నాయి. సాలు సాలుకీ మోకాలి లోతు గండి. అడుగున రాళ్లు తేలి కనిపిస్తున్నాయి. విత్తనం లేదు, మన్నూ లేదు. పక్కన దాలయ్య ఎకరం కొంచెం తడిసి, అంతే, ఉన్నచోటే ఉంది. ఆగస్టు చివరికి అక్కడ గడ్డి మోకాలి ఎత్తుకి వచ్చింది. తన గొర్రెలు డొక్కలు ఎండి కంప బయట నిలబడి అరుస్తున్నా దాలయ్య ఒక్క పరక కోయలేదు. గింజ రాలాలని చూస్తున్నాడు.

సెప్టెంబరులో ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. జీపుని మామూలు దారిన తేకుండా ఉత్తరం పక్కనుంచి తిప్పించాను. అటు నుంచి వస్తే ముందు దాలయ్య ఎకరం తగులుతుంది, నా ఐదెకరాలు గట్టు చాటున పడిపోతాయి. ఈ తెలివి నాకెవరూ నేర్పలేదు. ఆఫీసరు గడ్డిలోకి దిగి, చేత్తో నిమిరి, ఎలా చేశావన్నాడు. దున్నించి వేశాను సార్ అన్నాను. మిగతా నాలుగెకరాలూ ఆ గట్టు దాటాక ఇలాగే ఉన్నాయని కూడా అన్నాను. ఆయన కంప దగ్గర నిలబడ్డ దాలయ్య వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, దున్నాకే వచ్చిందా ఇదంతా?" అని అడిగాడు.

దాలయ్య నా మొహంలోకి చూశాడు. నా ఉద్యోగం టెంపరరీ అని అతనికి తెలుసు. చూపు దించుకున్నాను.

"బాబు సెప్పినట్టే సేసినాం అయ్యా," అన్నాడు.

ఆఫీసరు సంతోషం పట్టలేకపోయాడు. నా భుజం తట్టాడు. వచ్చే వేసవిలో అరవై ఎకరాలూ ఒక్కసారే దున్నించేద్దాం, పథకం రాసి పంపించమన్నాడు. జీపు వెళ్లిపోయాక దాలయ్య నా మోటారు సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు.

"నీ కూడు పోద్దని నాను అబద్దవాడినాను బాబూ. ఇప్పుడు మా కూడు పోతాది. నువ్వు ఎల్లి నిజం సెప్పీ. అంతే అడుగుతన్నాను."

చెబుతానన్నాను. ఒట్టు కూడా వేశాను. ఇంటికొచ్చి నిజంగానే ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు రెండు పేజీలు. ఖాయం చేస్తూ ఆర్డరు వచ్చాక ఇద్దామని దాచాను. ఆర్డరు జనవరిలో వచ్చింది. వచ్చాక, ఇప్పుడిస్తే తప్పుడు రిపోర్టు కింద ఇంటికి పంపిస్తారన్న భయం పట్టుకుంది. ఈ మధ్యలో దాలయ్య రెండుసార్లు ఆఫీసుకి వచ్చాడు. రెండుసార్లూ లేనని చెప్పించాను. ఒకసారి బీరువా వెనక నిలబడి అతని గొంతు విన్నాను. ఎండన పడి వచ్చానని, కాసిన్ని మంచినీళ్లు ఇప్పించమని ప్యూనుని అడుగుతున్నాడు. నేను కదల్లేదు.

మే నెలలో మళ్లీ బాషా ట్రాక్టరుతో వచ్చాడు. దున్నించాల్సింది నేనే. ఎనిమిది రోజులు పట్టింది. ఊళ్లోవాళ్లు గట్టు మీద వరసగా నిలబడి చూశారు. కిందటేటి ఐదెకరాలు ఏమయ్యాయో వాళ్ల కళ్లముందే ఉంది. కానీ పెద్ద ఆఫీసరు ముందు దాలయ్యే ఒప్పుకున్నాడు కదా, సర్కారుకి సాక్ష్యం చెప్పినవాడు మనవాడే కదా అని వాళ్లు నన్నేమీ అనలేదు. అతన్నే అన్నారు. అతని పెళ్లాం సన్యాసమ్మ అన్నదమ్ములే అతనితో మాటలు మానేశారట.

ఆఖరి రోజున దాలయ్య ఎకరం దగ్గర బాషా బండి ఆపేశాడు. గడ్డి ఎండి పసుపురంగుకి తిరిగింది గానీ, అడుగున వేళ్లు బతికే ఉన్నాయి. రాలిన గింజ నేలంతా పరుచుకుని ఉంది. "సార్, ఇది కూడానా?" అన్నాడు బాషా.

దాలయ్య వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఉత్తరం మాట ఎత్తలేదు. ఆఫీసుకి వచ్చిన మాట కూడా ఎత్తలేదు.

"ఇదొక్కటీ ఒగ్గెయ్ బాబూ. మిగతాది కొట్టుకుపోయినా, ఈ గింజ ఏరుకుని మళ్లీ సల్లుకుంటాం."

వదిలేయొచ్చు. ఎకరం మిగిలిందని కొలిచి చూసేవాడెవడూ లేడు. కానీ రేపు వాన పడి అంతా పోయి, దున్నని ఈ ఒక్క ఎకరమే పచ్చగా నిలబడితే, దారిన పోయే ఎవడికైనా నా అబద్ధం కనిపిస్తుంది. నేను భయపడింది దానికి. దున్నమని ఆర్డరు అరవై ఎకరాలకీ ఉంది, కానివ్వు అన్నాను. బాషా నా వైపు చూడకుండా బండెక్కాడు. దాలయ్య వెళ్లి, ట్రాక్టరు టైర్లకి గుచ్చుకుంటాయని, ముళ్లకంప తనే పక్కకి లాగాడు.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. ఆగస్టుకల్లా అరవై ఎకరాలూ గండ్లు పడి, ఎముకలు తేలినట్టు రాళ్లు తేలాయి. అతివృష్టి వల్ల పథకం విఫలమైందని రిపోర్టు రాశాను. పైవాళ్లు నమ్మారు. ఊళ్లో గొర్రెలన్నీ ఒకే సంతలో అమ్ముడుపోయాయని విన్నాను. చూడటానికి వెళ్లలేదు.

ఎనభై మూడులో, అప్పటికి నాకు ప్రమోషను కూడా వచ్చింది, కంచరపాలెంలో కట్టెల అడితికి వెళ్లాను. పొయ్యిలోకి కట్టెలు కావాలి. అక్కడ దాలయ్య కాపలా ఉన్నాడు. దాక్కోవడానికి చోటు లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కూర్చోమని స్టూలు తుడిచాడు. బండి తోలే ఎల్లాజీ అని ఒకతను అక్కడే బీడీ కాలుస్తున్నాడు. ఇతనే మా గడ్డి ఆఫీసరని దాలయ్య అతనికి చెప్పాడు. అయితే ఈ బాబుకి తెలిసుంటుందిలే అని ఎల్లాజీ నవ్వాడు. నూరు గొర్రెలున్న ఆసామీ ఇక్కడ కట్టెలకి కాపలా ఎందుకుంటున్నాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పడట.

దాలయ్య నాకంటే ముందే అందుకున్నాడు.

"సెప్పీడానికేటుందిరా. వానల్లేవు. గడ్డి ఎండిపోనాది."

ఈసారి నా ఉద్యోగం కోసం కాదు. నాతో కలిసి ఆడిన అబద్ధం అతన్ని కూడా నోరెత్తకుండా చేసింది. నా సిగ్గులో సగం ఆ ముసలాయన నెత్తిన పెట్టి, నేను స్టూలు మీద కూర్చున్నాను. ఎల్లాజీ నా వైపు తిరిగి, నిజమేనా బాబూ, వానల్లేవా ఆ యేడు అని అడిగాడు.

లేవన్నాను.