కాలరు మడతలో సూదిముక్క

ఆ ధర్మాసుపత్రిలో ఎమ్మారై గదికి గోడలు కట్టింది అక్కడే ప్రాణం దక్కించుకున్న మేస్త్రీ. రంగులేసింది కాలు బాగుపడిన పెయింటరు. రోగులు తొడుక్కునే గౌన్లు ఊరికే కుట్టి ఇచ్చేది టైలరు తాతయ్య. తన వెన్నులో కణితిని మొదట్లోనే పట్టిచ్చిందని ఆయనకు ఆ మిషనంటే మేనల్లుడిమీదున్నంత ప్రేమ. లోపలికి ఇనుము పోకూడదు కాబట్టి హుక్కుల బదులు గుడ్డ తాళ్ళే పెట్టేవాడు. భార్య పోయాక ఆయన పొద్దున్నే లేస్తున్నది ఆ గౌన్లకోసమే.

స్కాన్ తీసే అమ్మాయి ఉంగరాలు, పిన్నులు, చివరికి కట్టుడుపళ్ళు కూడా తీయించి గానీ ఎవరినీ గడప దాటనివ్వదు. ఈవిడకన్నా పోలీసులు నయమని రోగులు గొణుక్కుంటారు. అంతటి మనిషీ తాతయ్య తెచ్చిన మూటను మాత్రం ఏనాడూ తడిమి చూడలేదు. ఆయన పనిమీద ఆమెకంత గురి.

ఆ ఉదయం ఒక బడి పంతులమ్మ మెడనొప్పితో వచ్చింది. మెడ దగ్గరేదో గుచ్చుకుంటోందని లోపల పడుకున్నాక అంది. భయానికి అలా అనిపిస్తుందిలెమ్మని అమ్మాయి సర్దిచెప్పింది. తీరా బొమ్మ వచ్చేసరికి మెడ ఉండాల్సిన చోట నల్లటి గుంట! అమ్మాయికి పైప్రాణాలు పైనే పోయాయి. కానీ ఏ రోగమూ బొమ్మలో చుట్టుపక్కల ఎముకల్ని అలా వంకర్లు తిప్పదు, ఇనుమే తిప్పుతుంది. వెంటనే ఆపి, ఆవిడను బయటికి తెచ్చి తడిమితే, కాలరు మడతలో గోరంత సూదిముక్క దొరికింది. గౌను మార్చి మళ్ళీ తీస్తే మెడ నిక్షేపంగా ఉంది.

పెద్దడాక్టరు గట్టిగా ఏమీ అనలేదు. ఇకనుంచి గౌన్లు బయట తెప్పిద్దామనీ, ముసలాయనకు ఆ మాట నువ్వే చెప్పమనీ అమ్మాయికి పురమాయించాడు. మెత్తగా చెప్పినా పిడుగులాంటి మాటే.

సాయంత్రం డ్యూటీ దిగి ఆమె తాతయ్య ఇంటికి వెళ్ళింది. సూదిముక్కను కాగితంలో పెట్టి కుట్టుమిషను బల్లమీద విప్పింది.

"ఆవిడకేం కాలేదు కదా?" అన్నాడాయన మొదట.

"చర్మంమీద చిన్న గీత, అంతే. తప్పు నాది కూడా తాతయ్యా. మూట చూడకుండా తీసుకున్నాను."

సూది విరిగితే ముక్క దొరికేదాకా పెడలు తొక్కకూడదని పనిలో చేరిన ప్రతివాడికీ నేర్పిన మనిషి ఆయన. ముక్కను తీసుకుందామని చెయ్యి చాచాడు. చెయ్యి కాగితం పక్కన ఉత్త బల్లను వెతుకుతోంది. మనుషుల లోపల ఏముందో చూడటమే ఉద్యోగంగా బతుకుతున్న ఆ పిల్లకు ఎదురుగా ఉన్నది ఇన్నాళ్ళూ కనబడలేదు. సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు. దారం వేళ్ళతోనే ఎక్కిస్తున్నా. ముక్క కిందెక్కడో పడుంటుందనుకున్నా తల్లీ."

కంట్లో పొర తీయడం గంట పనని ఆమె చెప్పింది. తమ ఆసుపత్రిలోనే కంటిడాక్టరున్నాడని గుర్తుచేసింది. ఆయన అడ్డంగా తల ఊపాడు. ఇప్పుడెళ్ళి చెయ్యి చాస్తే, దీనికోసమే కుట్టిపెట్టాడంటారట.

అమ్మాయికి ఒళ్ళు మండింది. "మీ గౌను తొడుక్కున్నవాళ్ళందరూ చెయ్యి చాచినవాళ్ళే కదా. వాళ్ళంటే మీకు చులకనా?"

గౌన్లు ఆపమన్న కబురు కూడా ఆమె అప్పుడే చెప్పేసింది, దాస్తే మరీ మోసమని. చూపొచ్చాక మళ్ళీ కుట్టండి, మూట విప్పి ఒక్కొక్కటీ నేనే తడిమి తీసుకుంటాను, పెద్దడాక్టరుతోనూ నేనే మాట్లాడతాను అంది. మాట్లాడుతూనే ఏడ్చేసింది.

"కంటిడాక్టరు ఎన్నింటికొస్తాడు?" అన్నాడు తాతయ్య.

"తొమ్మిదికి."

"నన్ను తీసుకురమ్మని మా కోడలికి చెప్పమ్మా, నాకు నోరు రాదు. గుడ్డి బల్బులు కొనుక్కొస్తున్నావని రెండేళ్ళుగా ఆ పిల్లను తిడుతున్నా." కోడలున్న లోపలి గదివైపు తిరిగాడు. "వద్దులే. నేనే చెప్తా."